దప్పికలమ్మ దోసిలి

కోనంపేట నుంచి ఎర్రగుట్టల మీదుగా పోయే దారిలో, రెండు కొండలు భుజాలు రాసుకున్నట్టుండే సందులో దప్పికలమ్మ వెలసి ఉంది. బస్సు కనుమ కిందే ఆగుతుంది. అక్కడి నుంచి నూట పది మెట్లు ఎక్కాలి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. రాతి పందిరి కింద, దోసిలి పట్టినట్టు గుంట పడిన నల్లరాయి ఒకటి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు ఆ రాయి ముందే నిలబడి "అమ్మవారెక్కడండీ?" అని అడుగుతారు. ఆ రాయే అమ్మవారు.

పూర్వం ఇక్కడ, కొండకు అటూ ఇటూ పోవడానికి ఈ కనుమ తప్ప వేరే దారి లేని రోజుల్లో, కింది ఊళ్లో వీరనారప్ప అనే పెద్దరైతు ఉండేవాడు. మాట మీద నిలబడే మనిషి, ధారాళమైన చెయ్యి. లేక లేక పుట్టిన కూతురు చంద్రమ్మకు ఎనిమిదో ఏట మాయదారి జబ్బు పట్టుకుంది. గుక్కెడు నీళ్లు మింగితే అరగుక్కెడు కక్కేది. పెదవులు బీటలు వారి, పిల్ల పుల్లలా అయిపోయింది. వైద్యులు చేతులెత్తేశారు. ఒక తెల్లవారుజామున ఒక ముత్తైదువ ఆయన కలలోకి వచ్చి, "నాయనా, కనుమలో నలభై రోజులు చలివేంద్రం పెట్టు. నా దప్పిక తీరిన రోజునే నీ బిడ్డ దప్పిక తీరుతుంది" అని చెప్పింది.

ఆ రోజే పందిరి లేచింది, కాగులు వచ్చాయి. పనివాళ్లకు వదలక తానే పోయడానికి కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా తాను చుక్క ముట్టనని మొక్కుకున్నాడు కూడా. అంతవరకు మెచ్చుకోవలసిందే. అయితే పైకులాల వారికి ఇత్తడి చెంబు, పనిపాటల వారికి మట్టి ముంత పెట్టాడు. మాలమాదిగలకు బారెడు పొడవు వెదురు గొట్టం కట్టాడు. ఆయన పందిట్లో నిలబడి గరిటెతో పోస్తే, వారు ఆ చివర కింద కూర్చుని దోసిలి పట్టాలి. ఆయన చేతి నీళ్లు తాగని వారు ఆయనకు పైన కొందరుండేవారు. వారు తమ చెంబు తామే తెచ్చుకునేవారు. అదీ ఆయనకు తప్పుగా తోచలేదు. ఇక కాగుల్లోని నీళ్లు తోటబావి నుంచి తోడిన తోలు బొక్కెన ఎవరు కుట్టారో ఆయన ఏనాడూ తలుచుకోలేదు.

గొట్టం చివర ఎవరు తాగినా పొలమారి దగ్గేవారు. "ఈ మనుషులకు నీళ్లు తాగడం కూడా చేతకాదు" అని ఆయన రోజూ విసుక్కునేవాడు.

ముప్పై తొమ్మిది రోజులు గడిచాయి. చంద్రమ్మకు లేవడానికి కూడా ఓపిక లేకుండా పోయింది. నలభయ్యో నాడు దారిలో పిట్ట లేదు. నిప్పులు చెరిగే మిట్టమధ్యాహ్నం వీరనారప్పకు వడదెబ్బ తగిలింది. కళ్లు తిరిగి, పందిరి గుంజ పట్టుకోబోయి, జారి గొట్టం చివరనున్న నల్లరాతి పక్కన పడ్డాడు. నాలుక అంగిటికి అంటుకుంది. కాగులు ఆరడుగుల దూరంలో ఉన్నాయి, చెయ్యి లేవలేదు.

అప్పుడు సంతకు చెప్పులు మోసుకుపోతున్న మాదిగ ఓబులక్క ఆ దారిన వచ్చింది. పడి ఉన్న ఆయనను చూసి ఆగింది. కాగు ముట్టుకుంటే ఊరు తనను బతకనివ్వదు, ముట్టుకోకుంటే ఈయన బతకడు. నెత్తిమీది గంప దించి, కొంగు చేతికి చుట్టుకుని, గరిటె కొస పట్టుకుంది.

"నోరు తెరువు సామీ. నేను నీ దగ్గరికి రాను, గొట్టంలోనే పోస్తా. నీకు మైల తగలదు" అంది దూరం నుంచి.

నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. సగం ముక్కులోకి పోయాయి, సగం మెడ మీదుగా కారిపోయాయి. వీరనారప్ప ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. ముప్పై తొమ్మిది రోజులుగా తాను విన్న దగ్గు అదే. సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది.

"ఓబులక్కా, ఆ గొట్టం పారెయ్. దగ్గరికి వచ్చి చేత్తో పొయ్" అన్నాడు, మాట పెగల్చుకుని.

"వద్దు సామీ. ఇప్పుడు దాహం మీదుండి అంటాండావు. రేపు నువ్వే పంచాయితీ పెడతావు."

"పెట్టనక్కా. నా బిడ్డ మీద ఒట్టు."

ఆమె చేతికి చుట్టిన కొంగు విప్పి, కాగులో చేతులు ముంచి, దోసిలి ఆయన నోటికి ఆనించింది. ఎన్ని దోసిళ్లు తాగాడో లెక్క లేదు, పొద్దు వాలేదాకా ముట్టనన్న మొక్కూ గుర్తు రాలేదు. ఆ తృప్తిలోనే రెప్ప వాలితే, ముత్తైదువ మళ్లీ కనిపించి, "ఇన్నాళ్లూ పోశావు గాని నాకు అందలేదు నాయనా. ఇప్పుడు తాగాను" అంది. లేచి చూస్తే, ఓబులక్క వేళ్ల సందుల్లోంచి కారిన నీటికి పక్కనున్న నల్లరాయి దోసిలిలా గుంట పడి, నిండుగా ఉంది.

ఆయన ఓబులక్క గంపలోని ముంత అడిగి తీసుకుని, ఆ నీళ్లు నింపుకుని ఇంటికి పరిగెత్తాడు. భార్య అందుకోబోయి, "ఈ ముంత ఎవరిది?" అని ఆగింది. "ఎవరిదైతేనేం, ముందు తాపు!" అని ఆయన అరిచాడు. చంద్రమ్మ ఒక గుక్క మింగింది. నీళ్లు నిలిచాయి. పిల్ల పెదవులు తడుపుకుని "ఇంకా" అంది. ఆ ఇంట్లో అందరూ భోరున ఏడ్చింది ఆనందంతోనే.

నేటికీ ఇక్కడ తీర్థం పూజారి ఇవ్వడు. వరుసలో ముందున్నవారు గుంటలో చేతులు ముంచి వెనకున్నవారి నోటికి అందించాలి. పేరు, గోత్రం, ఊరు అడగరాదని పందిరి రాతి మీద రాసి ఉంటుంది. ఈ నియమం రాయవలసి రావడమే మన సంగతి చెబుతుంది. కులం అడగడం మోటని మానేసి, ఇంటిపేరు, ఏ వీధి అని అడగడం నేర్చుకున్నాం. కార్లలో వచ్చేవారు ఇంకా నాజూగ్గా అడుగుతారు.

మొన్నటి వైశాఖంలో ఒక విశ్రాంత ఉద్యోగి, ముందున్న ముసలామెను "ఏ ఊరమ్మా? ఊళ్లో ఎటువైపు?" అని అడిగాడు. ఆమె గుంటలో నీళ్లు ముంచి, దోసిలి ఆయన ముందు పట్టుకుని నిలబడింది. ఒకరు తాగకపోతే వరుస కదలదు. వెనక రెండు వందల మంది ఎండలో నిలబడ్డారు. ఎవరూ కసరలేదు, తొయ్యలేదు. నీళ్లు ఆమె వేళ్లలోంచి కారిపోతే మళ్లీ ముంచింది. మూడోసారి ఆయన తల వంచి తాగాడు. పెద్ద బరువు దించుకున్నవాడిలా నిట్టూర్చి, తానూ గుంటలో చేతులు ముంచి, వెనక్కి తిరిగి, "తాగు నాయనా" అన్నాడు.