మిరియం కరిచిన పిక్క

ఆసుపత్రి నుంచి వచ్చాక వరహాలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మా ఆశ్రమంలో భజనకి డోలక్కు వాయించేది అతనే. ఇప్పుడు కాళ్ళు నిలవవు, వేళ్ళు చెప్పిన మాట వినవు.

ఇదెలా మొదలైందో చెప్తే నవ్వొస్తుంది. అక్కగారి ఊరి పండక్కి వెళ్ళి, సరిగా ఉడకని కోడికూర మారు వడ్డించుకు మరీ తిన్నాడు. మాకు మాత్రం మజ్జిగన్నం తిన్నానన్నాడు. నాలుగు రోజులు విరేచనాలు పట్టుకునేసరికి గుట్టు కాస్తా బయటపడింది. అవి తగ్గిన పదిరోజులకి అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. ఆ తర్వాత కాళ్ళు చచ్చుబడ్డాయి.

"కూరలోంచి కడుపులోకి దూరిన క్రిమి పైపొర, మన నరాల పైపొర ఒకేలా ఉంటాయి" అంది డాక్టరమ్మ. "క్రిమిని తరమడానికి లేచిన ఒంట్లోని సైన్యం నరాల మీద కూడా పడింది. మెల్లగా కోలుకుంటారు. వ్యాయామం మాత్రం మానొద్దు."

వరహాలు మొదటిరోజే మానేశాడు.

"నా ఒళ్ళే నన్ను కరిచింది గురువుగారూ. ఇంక దీన్నెలా నమ్మను?" అన్నాడు అరుగు మీద కూర్చుని.

గురువుగారు పంచె పైకి లాగి పిక్క చూపించారు. నాలుగు పంటిగాట్లు.

"మన మిరియం పనేరా" అన్నారు సంబరంగా.

మిరియం మా ఆశ్రమం కుక్క. వరహాలు ఆసుపత్రిలో ఉండగా ఒక దొంగ కాషాయం కట్టుకుని వంటింట్లోకి దూరాడు. మిరియం వాణ్ణి వాగు దాకా తరిమికొట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ రోజు నుంచి కాషాయం కనబడితే చాలు, మీద పడుతోంది. మేమంతా తెల్లబట్టల్లోకి దిగిపోయాం. గురువుగారు మాత్రం సూదులు వేయించుకుని వచ్చి, మళ్ళీ కాషాయమే కట్టారు.

ఆయన అరుగు మెట్లు దిగి కింద కూర్చున్నారు. మిరియం గుర్రుమంది. ఆయన కదల్లేదు. బెల్లం కలిపిన అన్నంముద్ద అరచేతిలో పెట్టుకుని, "మనవాణ్ణేనే, పిచ్చిమొహమా" అన్నారు. అది చాలాసేపు వాసన చూసి, చెవులు వాల్చి, ముద్ద తింది.

"ఇన్నాళ్ళూ ఇదే పనా?" అన్నాడు వరహాలు.

"పన్నెండు రోజులు. నిన్నటిదాకా మూరెడు దూరంలోనే ఆగేది."

"మిమ్మల్నే కరిచిన కుక్కని తరిమెయ్యక?"

"ఇంటికి కాపలా కాద్దామనేగా కరిచింది పాపం" అని ఆయన లేచారు. "రేపటి ముద్ద నువ్వు పెట్టు. మెట్లెక్కి అది రాదు."

నాలుగే మెట్లు. వరహాలు వాటిని చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున నేను నీళ్ళకి వెళ్తుంటే, వరహాలు ఆఖరి మెట్టు మీద కాషాయంలో కూర్చుని ఉన్నాడు. గోడ పట్టుకుని ఎంతసేపు దిగాడో, ఒళ్ళంతా చెమట. ముద్ద అప్పటికే అయిపోయింది. మిరియం అతని పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది.

వరహాలు నన్ను చూడలేదు. చేతికి నూనె రాసుకుని, తన పిక్కని మెల్లగా నిమురుతున్నాడు.

"మనవాళ్ళమేనే, పిచ్చిమొహమా" అంటున్నాడు, నవ్వుతూ.