శుక్రవారం కడిగిన చేపలతొట్టి

భ్రమరాంబ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని అప్పగించి, "అది అయ్యాక అడుగు" అనేవారు. పని అయ్యేసరికి సగంమందికి ప్రశ్నే గుర్తుండేది కాదు. తక్కిన సగంమందికి మళ్లీ అడగాలని అనిపించేది కాదు.

బందరులో ఆవిడ ఇంటి మేడమీద రోజూ సాయంత్రం నాలుగింటికి మేం పదిమందిమి చేరి పద్యాలు చదువుకునేవాళ్లం. అందరిలోకీ దమయంతి ధారణ గొప్పది. ఆమె బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. కిరాణా పొట్లాల కాగితాలు మొదలుకొని చేతికి దొరికినదల్లా చదివి, డెబ్భై ఏళ్లు వచ్చేసరికి నాలుగు వందల పద్యాలు నోటికి తెచ్చుకుంది. మేం పుస్తకం చూసి చదివితే ఆమె కళ్లు మూసుకుని చదివేది. మొదటి పద్యం ఎత్తుకోవడం ఎప్పుడూ ఆమె వంతే.

ఒకరోజు మూడు పాదాలు చదివి, నాలుగో పాదం దగ్గర ఆగిపోయింది. పక్కనున్న పేరిందేవి అందించబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఎంతసేపు చూసినా ఆ పాదం రాలేదు. ఆ వారంలో అలా జరగడం మూడోసారి. పద్యాలే కాదు, పొయ్యి మీద పెట్టిన పాలు, తమ్ముడి కూతురి పేరు, ఒక్కొక్కటే జారిపోతున్నాయని అప్పుడు బయటపెట్టింది.

"రేపటి నుంచి మొదటి పద్యం ఇంకెవరికైనా ఇవ్వండి అమ్మగారూ. నేనిక రాను," అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఒక్క సంగతి చెప్పండి. నేర్చుకున్నదంతా పోయాక, నాలో మిగిలేదేమిటి?"

భ్రమరాంబ గారు గది మూలకి చూశారు. కింది వాటాలో అద్దెకున్నవాళ్లు ఊరు మారుతూ ఇచ్చి వెళ్లిన గాజు చేపలతొట్టి అక్కడుంది. అందులో తొమ్మిది చేపలు.

"పాఠానికి రావద్దులే. రోజూ వచ్చి ఆ తొట్టి చూసుకో. నాకు మోకాళ్లు వంగడం లేదు. నెల తిరిగాక అడుగు."

దమయంతి ఏ పని ఒప్పుకున్నా సగంలో వదిలే మనిషి కాదు. మరిచిపోతానన్న భయంతో గోడమీది క్యాలెండర్లో రోజూ మేత వెయ్యగానే టిక్కు పెట్టేది. శుక్రవారం వచ్చిందంటే, ఇంట్లో గడపలు కడిగి పూజసామాను తోమినంత శ్రద్ధగా తొట్టినీ కడిగేది. చేపల్ని బకెట్లోకి మార్చి, నీళ్లన్నీ పారబోసి, అడుగున పరిచిన గులకరాళ్లను కొబ్బరిపీచుతో తోమేది. నీళ్లను వడకట్టే స్పాంజిని కొళాయి కింద పెట్టి, తెల్లగా వచ్చేదాకా పిండేది.

"అందులో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు వదినా," అంది పేరిందేవి.

మొదటి ఆదివారం రెండు చేపలు తేలాయి. దిష్టి అని పేరిందేవి నిమ్మకాయ కట్టించింది. దోమలచుట్ట పొగేమోనని దాన్ని మాన్పించారు. సాంబ్రాణి ఆపారు. దమయంతి ఇంకాస్త గట్టిగా తోమింది. రెండో ఆదివారం మూడు పోయాయి. మూడోవారం ఆమె గురువారం రాత్రే గుడివాడలో పెళ్లికి వెళ్లి సోమవారం గాని రాలేదు. ఆ నాలుగు రోజులూ పేరిందేవి కాస్త మేత వేసి ఊరుకుంది. ఒక్క చేప కూడా పోలేదు. నాలుగో ఆదివారం మళ్లీ మూడు. తోక చివర కొరికినట్టున్న ఎర్ర చేప ఒక్కటే మిగిలింది. అదీ నీటి పైకి వచ్చి నోరు తెరుస్తోంది.

"నేను లేనివారం బతికాయి," అంది దమయంతి. "మేత వెయ్యకుండానే టిక్కు పెడుతున్నానో, వేసింది మరిచి మళ్లీ వేస్తున్నానో. నా మతిమరుపే వాటిని చంపుతోంది అమ్మగారూ."

"నన్నడిగితే ఏం లాభం? చేపల సంగతి మస్తానుకు తెలుస్తుంది," అన్నారు ఆవిడ.

మస్తాను కోనేరు సెంటరు దగ్గర రంగు చేపలు అమ్ముతాడు. దమయంతి క్యాలెండరు మేకు నుంచి ఊడదీసి, చంకలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని వెళ్లింది. అతను టిక్కులన్నీ చూశాడు. చేపలు పోయిన తేదీల మీద ఆమె పెట్టిన ఇంటూ గుర్తులు చూశాడు.

"అన్నీ ఆదివారాలే. మధ్యలో ఈ ఒక్క ఆదివారం మాత్రం గుర్తు లేదేం పెద్దమ్మా?"

"ఊళ్లో లేను నాయనా."

"ఉంటే, ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం ఏం చేస్తారు?"

ఆమె చెప్పింది. కొబ్బరిపీచు దగ్గరికి వచ్చేసరికి మస్తాను తల పట్టుకున్నాడు.

"రాళ్లు తోమారా! మీరేమీ మరిచిపోలేదు పెద్దమ్మా, అదే వచ్చిన చిక్కు. ఒక్క శుక్రవారం మరిచిపోయినా బాగుండేది."

"మురికి కదయ్యా. పట్టుకుంటే జిగట."

"ఆ జిగటే వాటికి ప్రాణం. చేప వదిలిన మురికి నీళ్లలో విషమవుతుంది. దాన్ని తినేసే కంటికి ఆనని పురుగు ఆ జిగటలో ఉంటుంది. మీరు పీచుతో కొంత, కొళాయి నీళ్లలో కలిపే క్లోరిన్ మందుతో కొంత, దాన్ని కడిగి పారేశారు. రెండు రోజులకి నీళ్లు విషమయ్యాయి. చూడ్డానికి మాత్రం అద్దంలా ఉంటాయి." అతను తన తొట్టిలో చెయ్యి పెట్టి, జిగట పట్టిన రాళ్లు గుప్పెడు తీసి, తొట్టినీళ్లతోనే సంచిలో పోసిచ్చాడు. "పాలకి తోడు వేసినట్టు వీటిని వెయ్యండి. రోజూ పావువంతు నీళ్లు తీసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు పొయ్యండి. మేత తగ్గించండి. శుక్రవారం వచ్చిందా, చేతులు కట్టుకు కూర్చోండి."

ఆ శుక్రవారం దమయంతి నిజంగానే చేతులు కట్టుకుని తొట్టి ముందు కూర్చుంది. చేతులు దురద పెట్టాయని తర్వాత చెప్పింది. శనివారం ఎర్ర చేప పైనే ఉంది. ఆదివారం మేం వెళ్లేసరికి అడుగుకి దిగి, ఆ కొత్త రాళ్ల మధ్య మూతితో వెతుక్కుంటోంది. ఆమె క్యాలెండర్లో ఏ గుర్తూ పెట్టలేదు. పెట్టడం మరిచిపోయింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం, బుధవారమో గురువారమో, మేం పుస్తకాలు విప్పి కూర్చున్నాం. మొదటి పద్యం ఎవరూ ఎత్తుకోలేదు. మూలన దమయంతి చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తోంది. పోస్తూ, మా వైపు చూడకుండానే, తనలో తాను పద్యం ఎత్తుకుంది. మూడు పాదాలు నడిచాయి. నాలుగో పాదంలో మాటలు లేవు. రాగం మాత్రం ఆగకుండా వెళ్లి, ఆగవలసినచోట ఆగింది. ఆ మాటలు మా అందరి నోళ్లలోంచీ ఒక్కసారే వచ్చాయి.

దమయంతి ఉలిక్కిపడి చెంబు దించింది.

"మళ్లీ పోయింది అమ్మగారూ, నాలుగో పాదం."

భ్రమరాంబ గారు చేపను చూస్తున్నారు.

"నీళ్లు పోతుంటాయి దమయంతీ. పోనీ. నువ్వు రాళ్లు మాత్రం తోమకు," అన్నారు.