మసక ఫొటోలో దొంగ

ఆ ఏడు ఎండలకు జమ్ముమడుగు సగానికి పైగా ఇంకిపోయింది. గట్టున నిలబడి చొంగ కార్చుకునే నక్కకు బురద మీదుగా దారి దొరికింది. అయినా ఏం లాభం? అది అడుగు వేస్తే చాలు, కాపలా ఉండే తీతువు పిట్ట గొంతు చించుకుని అరిచేది. పిట్టలన్నీ లేచి పొడిచి తరిమేవి.

ఆ మడుగులో ఒక ఆచారం ఉంది. కొత్త పిట్ట ఏది దిగినా కొంగ జాతి ముసలి నారాయణ పక్షి దాని కాళ్లు చూసి ఫలానా జాతి అని తేల్చాలి. ఆ తర్వాతే దానికి మేత. తనకు తెలియని పిట్ట లేదని పెద్దాయనకు మహా గర్వం.

ఈ మధ్య ఒకటీ అరా గుడ్లు మాయమవుతున్నాయి. అందరూ నక్కనే తిడుతున్నారు. ఒక ఉదయం నక్క, ఎవరో పారేసుకున్న ఫొటో నోట కరుచుకొచ్చి గట్టున పెట్టింది. ఫొటో తడిసి మసకబారింది. గూటి అంచున రెండు పొడుగు కాళ్లు, గుడ్ల మీదికి వంచిన ముక్కు, మిగతాదంతా మరక.

“అసలు దొంగ ఇదిగో పెద్దయ్యగారూ! ఎవరో తమరే చెప్పాలి.”

పెద్దాయన ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ అంతుపట్టలేదు. చుట్టూ మూగిన పిట్టలు ఆయన నోటి వంకే చూస్తున్నాయి.

“ఇది... ఇదీ...”

“తీతువులా లేదూ?” అంది నక్క మెల్లగా.

“ఆఁ, తీతువే! చూడగానే అనుకున్నా.”

తీతువు కొయ్యబారిపోయింది. “నా కాళ్లు ఇంత పొడుగా పెద్దయ్యా?”

“తడిస్తే సాగవూ?” అంది నక్క.

“పొదిగే తల్లి ఎవరైనా గుడ్లను ముక్కుతో తిరగేస్తుంది కదయ్యా! అది దొంగతనమా?”

“నా మాటకే ఎదురా? మడుగు వదిలి పో!”

“మరి నా నాలుగు గుడ్లు?”

నిన్నటిదాకా దాని కేక మీదే బతికినవాళ్లు దాన్ని పొడిచి పొడిచి వెళ్లగొట్టారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు పిట్టలన్నీ మడుగు నడిమి నీళ్లలో మేతకు పోయాయి. నక్క తాపీగా నడిచొచ్చింది. అరిచేవాళ్లు లేరు. తీతువు గుడ్లతో మొదలుపెట్టి, జమ్ముగడ్డిలోని గూళ్లన్నీ ఖాళీ చేసి, మూతి నాక్కుంటూ పోయింది.

పెద్దాయన భార్య తిరిగొచ్చి ఖాళీ గూటి ముందు కూలబడింది. ఆయన గొప్పగా తెచ్చి పక్కన పెట్టుకున్న ఫొటో ఆమె కంటపడింది.

“ఇది నేనే కదయ్యా! వల తాడుకు తెగిన నా కాలి వేలు చూడు. మన గుడ్లు తిరగేస్తుంటే తీశారు. కట్టుకున్నదాన్నే పోల్చుకోలేకపోయావా?”

“పోల్చుకోలేకపోయానే,” అన్నాడు ముసలాయన, తల వాల్చేసి.

తీతువును వెనక్కి పిలుచుకురావడానికి నలుగురు నాలుగు దిక్కులా వెతికారు. అది దొరకలేదు. ఆ ఏడు జమ్ముమడుగులో ఒక్క పిల్ల కూడా కళ్లు తెరవలేదు.

నీతి: తెలియదని ఒప్పుకోలేని పెద్దరికం తన ఇంటినే కాదు, ఊరినీ ముంచుతుంది.