చుక్కి చెవుల్లో దూది

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో ఇప్పపూలంటే పడిచచ్చే దుప్పుల మంద ఒకటి ఉండేది, పిల్లలూ. వేసవిలో తెల్లారేసరికి చెట్ల కింద పూలు రాలి ఉండేవి. దుప్పులు లొట్టలేసుకుంటూ వచ్చేవి.

ఆ మందలో చుక్కి అనే ఆడదుప్పికి మహా భయం. ఆకు కదిలితే చాలు, ముందరి కాలితో నేలను టపటపా తన్నేది. దుప్పుల్లో అలా తన్నడమంటే "పరుగెత్తండర్రా!" అని. అందరూ నోట్లో పువ్వు నోట్లోనే పెట్టుకుని పారిపోయేవారు. తీరా చూస్తే ఉడుత!

మందకు పెద్ద అయిన కొమ్ముల తాతకు విసుగొచ్చింది. వైద్యం తెలుసని చెప్పుకునే ఎలుగు మామను పిలిపించాడు.

"భయం ఉండేది చెవుల్లోనే!" అన్నాడు మామ. చుక్కి చెవుల్లో బూరుగు దూది కుక్కాడు.

చుక్కి రెండు పూలు తిందో లేదో, నేల మీద గద్ద నీడ కదిలింది. టపటపా!

"అయితే కళ్ళల్లో ఉంది" అని మామ మోదుగాకులతో గంతలు కట్టాడు.

తాత చుక్కి చెవి దగ్గర మూతి పెట్టి గట్టిగా అరిచాడు. "ఇంకొక్కసారి కాలు తన్నావో, మందలో నీకు చోటు లేదు!"

చుక్కికి ఏడుపొచ్చింది. మంద లేకపోతే తనెక్కడికి పోతుంది? ఇక ముక్కు కూడా మూసేద్దామని మామ వాగుకు వెళ్ళాడు, బురద తేవడానికి.

అంతలో గాలి తిరిగింది. గుప్పున ఏదో వాసన! చుక్కి ముందరి కాలు పైకి లేచింది. తన్నితే తనొక్కతే మందకు దూరమవుతుంది. తన్నకపోతే?

టపటపా! టపటపా!

మంద లేచి పరుగు తీసింది. కళ్ళు కనపడని చుక్కిని తాత మూతితో నెట్టుకుంటూ పరుగెత్తాడు. పొదల్లోంచి ఒక చిరుతపులి ఎగిరి దూకి, ఇప్పచెట్టుకు తల కొట్టుకుంది. దాని నెత్తిన పూలన్నీ జలజలా రాలాయి!

వాగు దాటాక తాత తన పళ్ళతోనే గంతలు విప్పాడు, దూది లాగాడు.

"తల్లీ, చెవి మూస్తే కంట్లోంచి వచ్చింది. కన్ను మూస్తే ముక్కులోంచి వచ్చింది. నీ భయం ఎక్కడుందని వెతికామే గానీ, అది ఏం పని చేస్తోందని అడగలేదు. అది మాకు కాపలా కాస్తోందమ్మా!"

"మరి ఉడుతకు కూడా తన్నేస్తే, తాతా?"

"పరుగెత్తుతాం! ఆకలి ఇంకా బాగా వేస్తుంది."

అందరూ పకపకా నవ్వారు. అప్పుడే ఎలుగు మామ దోసిట్లో బురదతో వచ్చాడు. "ముక్కేదీ? ఇటు తెండి!" అన్నాడు. ఒక్కరూ ముక్కు ఇవ్వలేదు. తెచ్చిన మందు పారబొయ్యడం ఎందుకని తన ముక్కుకే పూసుకున్నాడు. పాపం, ఆ రోజంతా తేనెపట్టు పక్కనుంచే నడిచి వెళ్ళినా మామకు వాసన తెలియలేదు!

నీతి: మనసులో పుట్టేదాన్ని వద్దని తీసెయ్యబోయే ముందు, అది మనకు చేసిపెట్టే పనేమిటో తెలుసుకోవాలి.