సువార్తమ్మ కాచిన బాన

అనగనగా, మన ముత్తాతలు గోచీ పెట్టుకుని ఏట్లో ఈతలు కొట్టే రోజుల్లో, ఒక ఏరు, ఏటి పక్కన ఒక పల్లె, పల్లె నడిమిన తాటాకు కప్పిన ఒక చిన్న ప్రార్థన మందిరం ఉండేవి.

ఆ పల్లె ఆడవాళ్లకి ఒక ఆచారం ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేసేవాళ్లు. దానికి దేవుని పిడికిలి అని పేరు. కలిగినవాళ్లు సన్నబియ్యం వేసేవాళ్లు, లేనివాళ్లు ముతకబియ్యం వేసేవాళ్లు. ఆదివారం ముంతలు తెచ్చి మందిరం వెనక గదిలో పెద్ద బానలో పోసేవాళ్లు. ఏ ఇంట పొయ్యి వెలగకపోతే ఆ ఇంటికి ఆ బియ్యం వెళ్లాలి.

ఆ బానని చూసుకునే పని సువార్తమ్మకి అప్పగించారు.

సువార్తమ్మ నిక్కచ్చి మనిషి. తనకన్నా ముందు ఆ పని చేసిన ముసలమ్మ కాలంలో బానలోకి ఎప్పుడు తొంగిచూసినా అడుగు కనిపించేది. "ఇదేం చూసుకోవడం?" అని సువార్తమ్మ మూతి విరిచేది. తన చేతికి రాగానే గదికి తాళం పెట్టించింది. తాళంచెవి కొంగున ముడివేసుకుంది. ఒక్క గింజ సొంతానికి ముట్టుకోలేదు. ఆ మాట నిజం, మనం కాదనకూడదు. గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు చీర కుచ్చిళ్లు దులిపి, రాలిన గింజల్ని ఏరి మళ్లీ బానలో వేసేది.

ఒక బాన నిండింది. కుమ్మరి చేత రెండోది తెప్పించింది, అదీ నిండింది. మూడోది సగానికి వచ్చేసరికి, ఈసారి కోత పండుగకి పట్నం నుంచి, చుట్టుపక్కల సంఘాలన్నిటినీ చూసే పెద్దయ్యగారు వస్తున్నారని కబురు అందింది.

సువార్తమ్మ మనసులో ఒక కోరిక పుట్టింది. "మూడు బానలూ నిండుగా చూపిస్తాను. ఇంత నమ్మకమైన మనిషిని నేనెక్కడా చూడలేదని ఆయన నోటితో అనాలి, పదిమందీ వినాలి" అనుకుంది. అప్పటినుంచి ఆమెకి తిన్నా పడుకున్నా ఆ మాటే.

ఆ ఏడు వానలు వెనకబడి కోతలు ఆలస్యమయ్యాయి. పల్లెలో చాలా ఇళ్లలో గింజలు నిండుకున్నాయి.

మొదట యెహోషువ వచ్చాడు. ఇళ్లకి తాటాకు కప్పే మనిషి. కప్పు మీదనుంచి జారి కాలు విరగ్గొట్టుకుని, కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చాడు.

"అక్కా, రెండు మానికల బియ్యం కొలిచి ఇప్పించు. కాలు నిలబడగానే పనికి పోతాను."

"కాలు బాగయ్యాక నువ్వే సంపాదించుకుంటావు కదా తమ్ముడూ. ఇది దేవుడి సొత్తు. నేను చెయ్యి పెట్టకూడదు" అంది సువార్తమ్మ. యెహోషువ కర్ర తిప్పుకుని వెళ్లిపోయాడు.

తరవాత ఎవరో దారిన పోయే ఆలుమగలు వచ్చారు. ఏటి రేవు దగ్గర మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేసుకున్నారు గాని, పొయ్యి మీదకి ఏమీ లేదు. ఆవిడ చంకలో పసిబిడ్డ ఏడ్చే ఓపిక కూడా లేక ఊరికే చూస్తోంది.

"మీరు మా సంఘం వాళ్లు కాదు కదమ్మా" అంది సువార్తమ్మ. "ఇది మా వాళ్లు వేసుకున్న బియ్యం. ముందుకెళ్తే ఊరు పెద్దది, అక్కడ అడగండి."

ఆ ఆదివారం మందిరంలో అయ్యగారు, యజమాని తన చేతికిచ్చినదాన్ని ఖర్చు పెట్టకుండా, వాడకుండా మట్టిలో పాతిపెట్టిన ఒక దాసుడి సంగతి చెప్పారు. సువార్తమ్మ ముందు వరసలో కూర్చుని విని, "ఎంత సోమరిపోతో" అని నవ్వుకుంది. నవ్వుతూ కొంగున తాళంచెవిని ఒకసారి తడిమి చూసుకుంది కూడా.

మూడోసారి మణెమ్మ వచ్చింది. మొగుడు పోయిన మనిషి. ఇద్దరు ఆడపిల్లలు. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. గుమ్మంలో నిలబడి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు ఉంది.

"వదినా... పిల్లలు నిన్నటినుంచి..." అని ఆగిపోయింది.

సువార్తమ్మకి అర్థం కాలేదనుకోకండి. అర్థమైంది. కానీ మూడో బాన మెడ దాకా వచ్చింది, ఇంకొక్క ఆదివారం అయితే నిండుతుంది.

"పది రోజులు ఓపిక పట్టు మణెమ్మా. పండుగ నాడు అందరికీ విందు పెడతాం. నువ్వూ, పిల్లలూ రండి, కడుపునిండా తిందురుగాని."

మణెమ్మ తల ఊపి, చీర చెంగు భుజాల చుట్టూ కప్పుకుని వెళ్లిపోయింది.

కోత పండుగ వచ్చింది. మందిరానికి మామిడాకులు కట్టారు. అరటి గెలలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు కానుకలుగా వచ్చాయి. పెద్దయ్యగారు వచ్చి, "మీ ఊళ్లో దేవుని పిడికిలి అని ఒకటి ఉందటగా, చూపించండమ్మా" అన్నారు. సువార్తమ్మ మూడు బానలూ నలుగురి చేత మోయించి మందిరం ముందు పెట్టించింది. తలంటు పోసుకుని, పెళ్లినాటి చీర కట్టుకుని ఉంది. అందరూ చూస్తుండగా మొదటి బాన మీది మూకుడు తీసింది.

గుప్పున ముక్కిన వాసన వచ్చింది.

బియ్యం ఉండలుగా గూళ్లు కట్టి ఉంది. ముక్కుపురుగులు ఎండకి బెదిరి బాన అంచు ఎక్కి బిలబిలా కిందకి దిగాయి, కొన్ని పెద్దయ్యగారి చెప్పుల మీదకి కూడా ఎక్కాయి. సువార్తమ్మ గబగబా రెండోదాని మూత తీసింది. అదీ అంతే. మూడోది మాత్రం బాగుంది, పైపైన. చెయ్యి పెట్టి కెలికితే అడుగున అదీ గూడు కడుతోంది. ముందు నిలబడ్డ ఆడవాళ్లు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

పెద్దయ్యగారు పురుగుల్ని మెల్లగా దులుపుకుని, "కానుకలు తెండమ్మా" అన్నారు. ఆడవాళ్లు వరసగా వచ్చి ఆ వారం పిడికిళ్లు ఒక చేటలో పోస్తున్నారు. చేట పట్టుకుని నిలబడాల్సింది సువార్తమ్మే. నిలబడింది.

చివరికి మణెమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పి చేటలో పోసింది. పిడికెడు నూకలు, ఊకతో కలిసిన ఎర్ర నూకలు.

"ఇవి ఎక్కడివి మణెమ్మా?" అని అడిగింది సువార్తమ్మ.

"ఏటి అవతల వడ్లు దంచి వచ్చాను వదినా. కూలి కింద నూకలు పెట్టారు. పిల్లలకి జావ కాచే ముందు ఒక పిడికిలి తీసి ఉంచాను." మణెమ్మ దగ్గరికి జరిగి, ఆమెకి మాత్రమే వినపడేలా అంది. "ఆ వేళ నువ్వు ఇవ్వలేదంటే, నాకన్నా లేనివాళ్లు ఎవరో ఉండి ఉంటారు, వాళ్లకి ఇస్తున్నావు కాబోలు అనుకున్నాను. మంచి నూకలే తెచ్చేదాన్ని, దొరకలేదు."

తిట్టి ఉంటే సువార్తమ్మ తట్టుకునేది. ఈ మాటకి ఆమెకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాకన్నా లేనివాళ్లు అంటోంది ఈ పిల్ల. ఎవరా లేనివాళ్లు? ఇంకెవరు, ఈ పురుగులే. వాటికే పెట్టింది తను, రోజూ తాళం వేసి మరీ పెట్టింది.

చేట కిందపెట్టి అక్కడే కూలబడింది.

"అయ్యగారూ, నేను ఒక్క గింజ దొంగిలించలేదు. కానీ దొంగకన్నా హీనమైన పని చేశాను. మీరు మెచ్చుకోవాలని, అడిగినవాళ్లని ముగ్గుర్ని వెనక్కి పంపాను. ఈ బియ్యం నా వల్ల పాడైంది." కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన ముందు పెట్టింది.

పెద్దయ్యగారు దాన్ని తీసుకోలేదు. "బాన ఇంకొకరికి ఇస్తే నీకు సులువవుతుందమ్మా. నువ్వే చూసుకో. ఆ తాళం మాత్రం ఏట్లో పారెయ్" అన్నారు.

మూడు రోజులు సువార్తమ్మ ఊరందరి కళ్లముందు, మందిరం వాకిట్లో చాపలు పరిచి ఆ బియ్యం ఎండబోసి, చెరిగి, ఏరింది. పల్లెలో కోళ్లన్నీ ఆమె చుట్టూనే తిరిగాయి. వచ్చేపోయేవాళ్లు చూస్తుంటే తలెత్తలేకపోయింది, అయినా లేచిపోలేదు. పనికొచ్చే బియ్యం అరబాన కూడా తేలలేదు.

సొంత ఇంట్లో బియ్యం మూట కట్టుకుని యెహోషువ ఇంటికి వెళ్లింది. అతను కర్ర పక్కన పెట్టి, "కూర్చో అక్కా" అన్నాడు. మణెమ్మ ఇంటికి వెళ్లింది. మణెమ్మ పొయ్యి రాజేసి ఆమెకీ ఇంత వండి పెట్టింది, సువార్తమ్మకి ముద్ద దిగలేదు.

మూడో మూట తీసుకుని ఏటి రేవుకి వెళ్లింది. అక్కడ మూడు రాళ్లు ఉన్నాయి. మధ్యలో బూడిద కూడా లేదు. ఆ ఆలుమగలు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. పసిబిడ్డ ఏమయిందో ఇప్పటికీ తెలియదు. మూట ఒళ్లో పెట్టుకుని సువార్తమ్మ ఆ రాళ్ల దగ్గర పొద్దుపోయేదాకా కూర్చుని ఏడ్చింది.

ఆ తరవాత ఎన్నో ఏళ్లు బానని ఆవిడే చూసుకుంది. గదికి తాళం లేదు. ఎప్పుడు తొంగిచూసినా అడుగు కనిపించేది. ఎవరైనా గుమ్మంలో నిలబడి నోరు తెరవకముందే ఆవిడ మానిక అందుకునేది. రేవు దగ్గర ఆ మూడు రాళ్లని మాత్రం ఎవరినీ కదపనివ్వలేదు.

పిల్లలూ, దేవుడు మన చేతికి ఏది ఇచ్చినా అది ఇంకొకరి ఆకలి కోసం ఇచ్చినది. దాన్ని దాచి కాపాడినవాడు కాదు, వేళకి అందించినవాడే దేవుడి ఇంటికి నమ్మకమైన గృహనిర్వాహకుడు.