కుజుడి ఎండు విస్తరి

ఒకప్పుడు కుజుడు ఎర్రగా ఉండేవాడు కాదు. నల్లటి ఒళ్లు. ఆ ఒంటి మీద ఏర్లు పారేవి. ఒకటీ రెండూ కాదు, లెక్కపెట్టబోతే పొద్దు గూకేది. పెద్ద పెద్ద గుంటల్లో నీళ్లు నిండి తళతళలాడేవి. గట్ల మీద పచ్చటి పాచి ఉండేది. పాచే కదా అనుకోకండి. దానికీ ప్రాణం ఉంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని వినండి.

కుజుడు భూదేవి పెద్దకొడుకు. తల్లి ఇంటికి అతనిది పక్కిల్లే. కోపిష్టి కాబట్టి ఎర్రబడ్డాడని కొందరు చెబుతారు. ఊరికే కోపం ఎవరికీ రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

చాలాకాలానికి భూదేవికి రెండో కొడుకు పుట్టాడు. చంద్రుడు. వాడికి అన్నప్రాశన పెట్టుకుని అందరినీ భోజనానికి పిలిచింది. బంతి మొదట్లో కుజుడు కూర్చున్నాడు, పెద్దకొడుకు కాబట్టి. పక్కన శుక్రుడు, తర్వాత బుధుడు, గురువు, చివర శని.

విస్తరి వేశాక ముందు నీళ్లు పోయాలి. ఆ నీళ్లు చల్లి విస్తరి కడుక్కున్నాకే వడ్డన. అదీ పెద్దవాడి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఇది తెలియనివాళ్లు చెంబు పట్టుకోకూడదు.

చెంబు పట్టుకున్నది గాలి. భూదేవికి అన్న, కుజుడికి మేనమామ. తొందర ఎక్కువ, నిలకడ తక్కువ. వచ్చి కుజుడి విస్తరి మీదికి చెంబు వంచాడు. కుజుడు చెయ్యి చాపాడు.

సరిగ్గా అప్పుడే తల్లి ఒళ్లో ఉన్న చంద్రుడికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

"అన్నయ్యా! ముందు ఇటు పట్టుకురా! చిన్నోడికి ఊపిరి ఆడడం లేదు!" అని భూదేవి కేకేసింది.

గాలి వంచిన చెంబు ఎత్తేసి అటు పరుగెత్తాడు. చుక్క కూడా పడలేదు. కుజుడి చెయ్యి చాపింది చాపినట్టే ఉండిపోయింది.

సరే, పసివాడు. అంతవరకు తప్పు లేదు. తర్వాతదే తప్పు. గాలి తిరిగొచ్చి, ఎక్కడ ఆపాడో అక్కడ మొదలుపెట్టాలా? పెట్టలేదు. ఆ చివరనుంచి పోసుకుంటూ వచ్చాడు. శనికి, గురువుకి, బుధుడికి, శుక్రుడికి. కుజుడి దగ్గరికి వచ్చేసరికి చెంబు ఖాళీ.

"ఉండల్లుడూ, ఇప్పుడే తెస్తా" అని వెళ్లాడు. గాలి కదా. ఎటు వెళ్లాడో, ఎవరితో మాటల్లో పడ్డాడో!

అందరి విస్తళ్లలోనూ అన్నం పొగలు కక్కుతోంది. కుజుడి విస్తరి ఎండి, అంచులు పైకి లేచాయి.

శుక్రుడు ముద్ద మింగి, "ఏం కుజా, ఉపవాసమా? ఇవాళ మంగళవారం కూడా కాదే!" అన్నాడు.

బంతంతా నవ్వింది. శని కూడా నవ్వాడు.

కుజుడు విస్తరి ముందునుంచి లేచాడు. "అమ్మా, ఒట్టు! ఇక నేను నీళ్లు ముట్టను!" అన్నాడు.

"ఈ ఇంట్లో నీళ్లు ముట్టను" అనాలని అతని మనసులో ఉంది. కోపంలో "ఈ ఇంట్లో" అన్నది నోట్లోనే ఉండిపోయింది.

"కూర్చో నాయనా, నేను పోస్తాను" అంది భూదేవి. అది ఒకసారి.

"పెద్దోడా, విస్తరి ముందునుంచి లేవకూడదురా. రా, కూర్చో" అంది. అది రెండోసారి.

లేచినవాణ్ని మూడుసార్లు అడగాలి. మొదటిసారికే కూర్చుంటే తిండికి మొహం వాచినట్టు ఉంటుంది. రెండోసారికి కూర్చుంటే లోకువైపోతాడు. మూడోసారికి మర్యాదగా కూర్చుంటాడు. అందుకే కుజుడు గుమ్మం దగ్గర ఆగాడు. ఒక అడుగు వెనక్కి కూడా వేశాడు.

భూదేవి మూడోసారి అడగబోయింది. ఇంతలో చంద్రుడికి మళ్లీ ఎక్కిలి వచ్చింది. వాడి వీపు నిమిరి తలెత్తేసరికి ఆమెకూ రోషం పొడుచుకొచ్చింది. "కన్నతల్లిని, ఎన్నిసార్లు బతిమాలను? ఆకలైతే వాడే వస్తాడు" అంది.

కుజుడు వెళ్లిపోయాడు.

ఇంటికి చేరేసరికి అతని ఏర్లన్నీ పారడం ఆపి నిలబడి ఉన్నాయి. వాటిలో పెద్దది, ముసలి ఏరు, ఎదురొచ్చింది.

"దొరా, నీళ్లు ముట్టనని ఒట్టేశావట. మేమూ నీళ్లమే కదా. నీ ఒంటి మీద పారితే నువ్వు ముట్టినట్టే. ఏం చెయ్యమంటావు?"

"నేనన్నది అమ్మ ఇంటి నీళ్ల గురించి."

"అలా అనలేదు కదా. ఒట్టు ఎవరి ముందు వేస్తే వాళ్ల ముందే సరిదిద్దుకోవాలి. వెళ్లి 'ఈ ఇంట్లో' అన్నది కలిపి రా. రెండు మాటలు. అంతే."

"నవ్వినవాళ్ల ముందుకి మళ్లీ వెళ్లి, నోరు జారిందని చెప్పనా? అమ్మ మూడోసారి పిలవనీ. అప్పుడు వెళ్తా."

"పిలవకపోతే?"

కుజుడు మొహం తిప్పుకున్నాడు.

"గట్టు మీది పాచి చచ్చిపోతుంది దొరా. మీ బంతి గొడవ దానికేం తెలుసు?"

కుజుడు తల్లి ఇంటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

నీళ్లు ఆగగలిగినన్నాళ్లు ఆగాయి. తర్వాత కొన్ని ఆవిరై ఆకాశానికి పోయాయి. కొన్ని నేల కిందికి దిగి దాక్కున్నాయి. కొన్ని అతని నడినెత్తికీ అరికాళ్లకీ చేరి గడ్డకట్టాయి.

పాచి పచ్చదనం పోయి పసుపుగా మారింది. రోజూ పొద్దున్నే "అయ్యా, అమ్మగారు పిలిచారా?" అని అడిగేది.

"లేదు" అనేవాడు కుజుడు.

ఒకరోజు అది అడగలేదు. కుజుడు వంగి చూశాడు. వేలు తగలగానే పొడి అయిపోయింది.

ముసలి ఏరు అందరికంటే చివర వెళ్లింది. దారిలో ఉన్న ప్రతి రాయినీ పేరుపేరునా పట్టుకుని ఏడ్చింది. ఆ రాళ్లలో ఇనుము ఉంది. తడి చేతులు తగిలిన చోటల్లా తుప్పు పట్టింది. ఏరు పోయింది, తుప్పు మిగిలింది.

అప్పుడొచ్చాడు గాలి, చెంబు పట్టుకుని. "అల్లుడూ, ఇదిగో నీళ్లు!"

"ఎవరికి మామా?" అన్నాడు కుజుడు.

గాలి చుట్టూ చూశాడు. చెంబు చేతిలోంచి జారింది. ఆ నీళ్లు నేలకి తగలకముందే ఆవిరైపోయాయి. ఎక్కడైనా కాస్త పాచి మిగిలిందేమోనని వెతుకుతూ అతను ఈ కొసనుంచి ఆ కొసకి పరుగెత్తాడు. అతని పరుగుకి రాళ్ల మీది తుప్పు లేచి ఆకాశమంతా కమ్మింది. ఇప్పటికీ అలా వెతుకుతూనే ఉన్నాడు. ఏం లాభం?

భూదేవికి ఈ సంగతి తెలిసింది. తెలిసి తాను వచ్చిందా? రాలేదు. "వాడెలా ఉన్నాడో చూసి రండి" అని తన మీద బతికే మనుషులతో చెప్పింది. మనుషులు ఆరు చక్రాల బండ్లు చేసి పంపారు. ఆ బండ్లకి కళ్లున్నాయి. రాయిని తొలిచే చెయ్యి ఉంది. అవి ఎండిన ఏటి దారుల్లో తిరిగాయి. నీళ్లలో దొర్లి గుండ్రబడ్డ గులకరాళ్లు చూశాయి. పొరలు పొరలుగా గట్టిపడిన బురద చూశాయి. "ఇక్కడ నీళ్లు పారాయి" అని కబురు పంపాయి.

ఆ సంగతి కుజుడికి తెలియదా?

మొదటి బండి దిగినప్పుడు అతను ఆశగా అడిగాడు. "అమ్మ మూడోసారి పిలవమందా?"

బండి అతని రాయినే తొలుస్తూ పోయింది. దానికి ఆ మాట ఎవరూ చెప్పి పంపలేదు. కొన్నాళ్లకి గాలి రేపిన దుమ్ము మీదపడి, ఎండ అందక, నిలబడ్డచోటే ఆగిపోయింది. కుజుడు దాన్ని కదపలేదు.

ముసలి ఏరు పోయినప్పటినుంచే కుజుడి ఒళ్లు తుప్పురంగులో ఉంది, ఏటి దారులు ఎండు విస్తరి ఈనెల్లా మిగిలాయి. అప్పటినుంచే రెండేళ్ల పైచిలుకుకి ఒకసారి అతను తల్లి ఇంటికి దగ్గరగా వస్తాడు. ఆకాశంలో ఆగి, వచ్చిన దారినే కొన్ని అడుగులు వెనక్కి వేస్తాడు, ఆ రోజు గుమ్మం దగ్గర వేసినట్టే. మూడో పిలుపు వినబడుతుందేమోనని చూస్తాడు. వినబడదు. మళ్లీ తన దారిన తాను వెళ్లిపోతాడు.