గీత లేని ముఖం

ఆ ఊరి న్యాయాధికారి తీర్పు ఒక్క మాటలో చెప్పేవాడు. తప్పు, లేదంటే ఒప్పు. వాదించేవాళ్లు గొంతు చించుకుని అలిసిపోయాక, ఆయన కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని ఆ ఒక్క మాటా అనేవాడు. ఇరవై ఏళ్లలో ఆయన పీఠం మీద మూడో మాట అనగా ఎవరూ వినలేదు. ఊరికి అది బాగా నచ్చింది.

అందుకే పెద్దలు ఆయన బొమ్మ వేయించి న్యాయస్థానం గోడకు తగిలించాలనుకున్నారు. దూరపు నగరం నుంచి ఒక చిత్రకారిణిని పిలిపించారు. జుట్టు నెరిసిన మనిషి. ఎన్నేళ్ల నాటిదో గోధుమరంగు ఆమె గోళ్ల చుట్టూ ఇంకిపోయి ఉంది.

“ఎంతసేపు కూర్చోవాలి?” అని అడిగాడు న్యాయాధికారి.

“రోజుకో గంటండి. నలభై రోజులు.”

“ఒక్క ముఖానికా?”

“నూనె రంగులండి. ఉల్లిపొర కన్నా పలచగా పూత మీద పూత వెయ్యాలి. ఒకటి ఆరితే గాని ఇంకోటి పట్టదు.”

ఆయన తూర్పు కిటికీ పక్కన కూర్చున్నాడు. రెండు రోజులు పోయాక లేచి వెళ్లి చూస్తే, బొమ్మ వేసే గుడ్డ మీద పొగమంచు లాంటిదేదో ఉంది.

“ముందు గీత గియ్యరా మీరు?”

“ముఖానికి గీత ఉండదండి.”

“ఎందుకుండదు? వెలుగు అయిపోయి నీడ మొదలయ్యే చోటు ఉంటుంది కదా!”

ఆమె అద్దం తెచ్చి ఆయన ముందు పెట్టింది. “చూపించండి. అక్కడే గీస్తాను.”

ఆయన చెంప మీద వేలు పెట్టి చూపించాడు. ఆమె గుడ్డ మీద అదే చోట బొగ్గుతో చుక్క పెట్టింది. మర్నాడు మళ్లీ అడిగితే ఆయన వేలు బొటనవేలంత పక్కకు జరిగింది. ఆ మర్నాడు ఇంకోచోటికి పోయింది. మబ్బు పట్టిందన్నాడు. నిద్ర చాలలేదన్నాడు. ఏడోనాడు అద్దం తీసెయ్యమన్నాడు.

ఆ రోజుల్లోనే చెరువు తూము కాపరి మీద విచారణ జరిగింది. న్యాయాధికారి ఉత్తరువు లేకుండా తూము తలుపు ఎత్తినవాణ్ణి ఊరి నుంచి వెళ్లగొట్టాలి. ఆ నియమం రాసింది న్యాయాధికారే. పోయిన వానల్లో కాపరి ఉత్తరువు లేకుండా తలుపు ఎత్తేశాడు. కట్ట నిలిచింది, ఊరు దక్కింది. కిందిపొలంలో నారు చూసుకుంటున్న ముసలాయన మాత్రం ఆ నీళ్లలో పోయాడు.

“ఉత్తరువు అడిగావా?” అన్నాడు న్యాయాధికారి.

“మనిషిని పంపానయ్యా. అయ్యగారు భోజనంలో ఉన్నారని మీ గుమ్మం దగ్గరే ఆపేశారంట. ఈలోగా నీళ్లు కట్ట అంచుకొచ్చేశాయి.”

న్యాయాధికారికి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

చనిపోయినాయన కూతురు లేచి నిలబడింది. “మా నాన్నకి ఈత వచ్చయ్యా. ఒక్క కేక వేసుంటే గట్టెక్కేవాడు.”

కాపరి తల వంచుకున్నాడు. “కేక వెయ్యాలని తోచలేదమ్మా.”

జనం ఆ ఒక్క మాట కోసం చూస్తున్నారు. ఆయన కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడిచాడు.

“రేపు,” అన్నాడు.

మర్నాడు పొద్దున కిటికీ పక్కన కూర్చోబోతూ గుడ్డ ముందు ఆగాడు. “ఆ నీడలో నలుపు ఎంత కలిపారు?”

“నలుపు లేదండి.” ఆమె వేలికొసతో తడి రంగును మెల్లగా అద్దుతోంది. “మీ చెంప రంగే. కాస్త కాస్తగా లోపలికి పోయింది.”

“మరి చూసేవాడికి ముఖం ఎక్కడుందో తెలియాలిగా?”

“తెలుస్తుందండి. కాసేపు నిలబడాలి.”

ఆ రోజు తీర్పు చెప్పడానికి మధ్యాహ్నం దాటింది. తలుపు ఎత్తడం ఒప్పు, కేక వెయ్యకపోవడం తప్పు, కబురు గుమ్మంలో ఆగిపోవడం తన తప్పు అన్నాడు. కాపరి తూము దగ్గరే ఉంటాడు, ఏటా ఆ ముసలాయన పొలం దున్ని నాట్లు వేయిస్తాడు. ఇక మీదట నీళ్లు పెరిగితే ఉత్తరువు అక్కర్లేదు, కబురందగానే న్యాయాధికారే తూము దగ్గరికి వస్తాడు. కిందిపొలాల వాళ్లను లేపడానికి ఒక తప్పెట ఉండాలి. అది ఎవరి చేతిలో ఉండాలో చెప్పబోయి ఆగాడు. కూతురే వచ్చి, “నాకివ్వండి,” అంది. తీర్పు నచ్చిందో లేదో చెప్పలేదు.

“ఇంతకీ తప్పా, ఒప్పా?” అని గొణుక్కుంటూ జనం ఇళ్లకు పోయారు.

పెద్దలు బొమ్మ చూడటానికి వచ్చారు. కంటికొసలు, పెదవుల చివర్లు పొగలో కలిసిపోయినట్టున్నాయి. నవ్వుతున్నాడో, బాధపడుతున్నాడో అంతుపట్టలేదు. “ఈయన మా న్యాయాధికారి కాదమ్మా,” అని తేల్చేశారు. గోడకు ఇంకెవరి చేతనైనా వేయిస్తామన్నారు. ఆమె సరేనంది. “ఇంకొక్క పూత ఉందండి,” అని కుంచె అవిసె నూనెలో ముంచుకుంది.

ముప్పై తొమ్మిదోనాడు కుండపోతగా వాన. పట్టపగలే కిటికీలో వెలుగు లేదు. కాపరి తడిసి ముద్దై లోపలికి వచ్చాడు. “అయ్యా, నీళ్లు.”

న్యాయాధికారి కుర్చీలోంచి లేచి అలాగే వానలోకి నడిచాడు.

కట్ట మీదికి చేరేసరికి కింద తప్పెట మోగుతోంది. అందరూ గట్టెక్కేదాకా ఆపనని ముసలాయన కూతురు ముందే చెప్పి ఉంది. తప్పెట ఆగలేదు. కాళ్ల కింద మట్టి జారడం మొదలైంది.

“ఇంకా ఎవరో ఉన్నారయ్యా,” అన్నాడు కాపరి.

“కట్ట ఎంతసేపు ఆగుతుంది?”

“ఆగదు.”

నాలుగు చేతులు తూము తలుపు ఎత్తే చక్రం మీద పడ్డాయి.

వాన వెలిశాక మనుషులను లెక్కపెట్టుకున్నారు. అందరూ ఉన్నారు. కూతురు తప్పెట నెత్తిన బోర్లించుకుని చివరగా వచ్చింది. ఒక రైతు దూడ మాత్రం కొట్టుకుపోయింది. దాన్ని విప్పడానికి వెళ్లిన ఆ రైతు ఒట్టి పలుపుతాడుతో కట్ట ఎక్కి వచ్చాడు.

“ముందు చక్రం తిప్పిందెవరు?” అని అరిచాడు.

“నేనే,” అన్నాడు కాపరి.

“నేనే,” అన్నాడు న్యాయాధికారి.

అతను ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తాడు కింద పడేసి, చక్రానికి ఆనుకుని వాళ్ల పక్కనే కూర్చున్నాడు.